ఆర్మీ నుంచి వచ్చిన అన్నయ్య, ఇంట్లో తుపాకులు, రెడ్ ఫ్లాగ్ చట్టం: కోర్టుకి వెళ్లడం అవమానించడమా?

ప్రశ్న: మేం సియాటెల్ దగ్గర ఉంటాం. మా అన్నయ్య ఎమ్మెస్‌కి వచ్చి, 2015లో మావ్నీ పథకం (వీసా మీదున్న విదేశీయుల్ని ఆర్మీలోకి తీసుకునేది) కింద అమెరికా ఆర్మీలో చేరాడు. పౌరసత్వం వచ్చింది. రెండేళ్ల కిందట ఆర్మీ నుంచి బయటికొచ్చాడు. విడాకులయ్యాయి, టకోమాలో ఒక్కడే ఉంటాడు. సరిగా నిద్రపోడు, బాగా తాగుతున్నాడు. పోయిన వారం "నేను లేకపోతే మీ అందరికీ హాయి" అన్నాడు. ఇంట్లో రెండు తుపాకులున్నాయి. మా వారు రెడ్ ఫ్లాగ్ చట్టం (ప్రమాదంలో ఉన్న మనిషి దగ్గరి తుపాకుల్ని కోర్టు ఆర్డరుతో కొంతకాలం తీసేసుకునే చట్టం) కింద కోర్టుకి వెళ్దాం, లేకపోతే మనమే వెళ్లి తెచ్చి మన ఇంట్లో దాచేద్దాం అంటున్నారు. మేమిద్దరం హెచ్1బీ మీద ఉన్నాం. అన్నయ్య ఆర్మీ స్నేహితుడు మాత్రం "ఆ చట్టం తెచ్చిందే సైనికుల్ని అవమానించడానికి, ఆ పని చేస్తే మీ మొహం చూడడు" అన్నాడు. ఊళ్లో అమ్మానాన్నలు కోర్టులూ పోలీసులూ వద్దు, పరువు పోతుందంటున్నారు. ఏం చెయ్యాలి?

సమాధానం:

అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఈ పూట చేయాల్సింది చెబుతాను.

988కి ఫోన్ చేసి, పలకగానే 1 నొక్కండి. అది మాజీ సైనికుల కోసం పెట్టిన లైను. రాత్రనక పగలనక ఎవరో ఒకరు ఉంటారు. సైనికుడే చేయాలని లేదు, చెల్లెలు చేసినా మాట్లాడతారు, అన్నయ్యతో మాట ఎలా కలపాలో కూడా చెబుతారు. మెసేజ్ పంపాలంటే 838255. ఈ గంటలోనే ఏదో జరిగేలా ఉందనిపిస్తే మాత్రం 911. అప్పుడు మనిషి మాజీ సైనికుడని, ఇంట్లో తుపాకులున్నాయని, ఎవరినీ బెదిరించలేదని, తన ప్రాణం గురించే మీ భయమని స్పష్టంగా చెప్పండి. వచ్చే పోలీసులు ఎలా వస్తారన్నది ఆ నాలుగు ముక్కల మీద ఆధారపడి ఉంటుంది.

ఆసుపత్రి బిల్లు గురించి అన్నయ్య భయపడతాడేమో. 2023 జనవరి నుంచి ఆత్మహత్య ఆలోచనలతో ప్రమాదస్థితిలో ఉన్న మాజీ సైనికులు మాజీ సైనికుల శాఖ (వీఏ) ఆసుపత్రికైనా, బయటి ఆసుపత్రి ఎమర్జెన్సీకైనా వెళ్లొచ్చు. ఖర్చు వీఏ భరిస్తుంది. లోపల చేరితే 30 రోజుల దాకా, ఇంటి నుంచి వైద్యం చేయించుకుంటే 90 రోజుల దాకా. వీఏలో పేరు నమోదు కాకపోయినా చాలామందికి వర్తిస్తుంది.

ఇంకో మాట. అన్నయ్యని నేరుగా అడగండి. "అన్నయ్యా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేనిపోని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని మనవాళ్లు భయపడతారు. అలా జరగదు. నేను ఈ ప్రశ్న ఎంతోమందిని అడిగాను. చాలామంది ముందు కాసేపు మాట్లాడరు, తర్వాత గుండెలమీద బరువు దింపినట్టు ఊపిరి వదులుతారు. అడిగేవాళ్లు దొరికారని.

నా సంగతి రెండు ముక్కల్లో. నేనూ మీ అన్నయ్యలాగే మావ్నీలో చేరినవాణ్ణి. 2013లో. అప్పట్లో ఆ పథకం భాషల జాబితాలో మన దేశ భాషలు కొన్ని ఉండేవి. వీసా మీద ఉన్నవాళ్లు కూడా భాష తెలిసినందుకు ఆర్మీలో చేరి, పౌరసత్వం తెచ్చుకునే వీలుండేది. 2016లో ఆ తలుపు మూసేశారు. నేను మెడిక్‌గా పనిచేసి బయటికొచ్చాను. ఇప్పుడు ఎనిమిదేళ్లుగా మాజీ సైనికులతో కూర్చుని మాట్లాడే పనే చేస్తున్నాను. వకీలుని కాను. కాబట్టి చట్టం గురించి నేను చెప్పేది దారి చూపడానికి మాత్రమే. సంతకం పెట్టే ముందు కోర్టులో ప్రొటెక్షన్ ఆర్డర్లు చూసే సహాయకులతో ఒకసారి మాట్లాడండి.

మీ అన్నయ్య స్నేహితుడన్న మాట దగ్గరికి వస్తాను. తుపాకీ తీసుకోవడమంటే సైనికుణ్ణి అవమానించడం అన్నాడు. ఆయన బాధ అబద్ధం కాదు. కానీ తను ఆర్మీలో రోజూ చేసిన పనిని ఆయన మరిచిపోతున్నాడు.

ఆర్మీలో ఆయుధం ఎలా ఉంటుందో మీకు చెప్పాలి. బయటివాళ్లు సైనికుడంటే మంచం పక్కనే రైఫిలు పెట్టుకుని పడుకుంటాడనుకుంటారు. యుద్ధానికి వెళ్లినప్పుడు నిజమే. బేస్‌లో ఉన్నప్పుడు అది ఆర్మ్స్ రూమ్‌లో ఉంటుంది. ఇనుప తలుపు, కింద సగం మూసి పైసగం తెరిచిన కిటికీ లాంటిది. సాయంత్రం ఫైరింగ్ రేంజి నుంచి రాగానే అందరం లైనులో నిలబడేవాళ్లం. నూనె వాసన, తుడిచిన గుడ్డలు, కాళ్లు లాగేస్తున్నా ఎవరూ కదలరు. మన వంతు రాగానే ఛాంబర్ తెరిచి ఖాళీ అని చూపించి రైఫిలు లోపలికివ్వాలి. ఆర్మరర్ సీరియల్ నంబరు పైకి చదువుతాడు, తన కాగితంలో చూసుకుంటాడు, మన వెపన్ కార్డు మనకిచ్చేస్తాడు. ఒక్క నంబరు తేలకపోతే కంపెనీ మొత్తం ఇంటికి పోదు. కెప్టెన్ అయినా సిపాయి అయినా అదే లైను. బ్యారక్స్‌లో ఉండే కుర్రాడు సొంత పిస్టల్ కొనుక్కున్నా గదిలో పెట్టుకోకూడదు, అదీ అక్కడే అప్పగించాలి. ఎవరూ దాన్ని నమ్మకం లేకపోవడం అనలేదు. క్రమశిక్షణ అన్నారు.

మా ఊరు తాడేపల్లిగూడెం పక్కన మాధవరం. పేరు వినే ఉంటారు, మిలిటరీ మాధవరం అంటారు. ఇంటికొకడు పట్టాళంలో ఉన్న ఊరు. మా తాతయ్య పట్టాళం నుంచి వచ్చాక కొన్నాళ్లు బ్యాంకులో గన్‌మన్‌గా చేశాడు, ఆ లైసెన్సు మీద కొన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఇంట్లో ఉండేది. 1999 ఎన్నికలప్పుడు నాకు పన్నెండేళ్లు. కోడ్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చేయాలని కబురొచ్చింది. తాతయ్య పొద్దున్నే లేచి దానికి నూనె రాసి, పాత దుప్పటిలో చుట్టి, సైకిల్ వెనక కట్టి, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. స్టేషన్లో అప్పటికే ఐదారుగురు మాజీ సైనికులు బెంచీ మీద తమ తమ తుపాకులతో కూర్చుని టీ తాగుతున్నారు. రైటర్ నంబరు రాసుకుని రసీదిచ్చాడు. తాతయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంటికొచ్చాక డిశ్చార్జ్ పుస్తకం ఉండే రేకు పెట్టెలో దాచాడు. ఎన్నికలయ్యాక అదే రసీదు చూపించి తెచ్చుకున్నాడు. మూడు యుద్ధాలు చూసిన మనిషి. "నన్ను అనుమానిస్తున్నారు" అని ఒక్క మాట అనలేదు. ఊరు వేడి మీద ఉన్నప్పుడు తుపాకీ ఇంట్లో ఉండకూడదు, చల్లారాక తెచ్చుకోవాలి అన్నాడు, అంతే.

వాషింగ్టన్ రాష్ట్రం చట్టం చేసేది ఇంచుమించు అదే. ఒక మనిషి వేడి మీద ఉన్నప్పుడు.

ఇది సైనికుల మీద తెచ్చిన చట్టం కాదు. మొదట తెచ్చింది కనెక్టికట్, 1999లో. ముందు ఏడాది అక్కడి లాటరీ ఆఫీసులో ఒక ఉద్యోగి నలుగురు పైఅధికారుల్ని కాల్చి చంపాడు. 2005లో ఇండియానా తెచ్చింది, అది జేక్ లెయిర్డ్ అనే పోలీసు పేరు మీద ఉంది. మానసికంగా బాగోలేని ఒకతని దగ్గర పోలీసులు ముందే తుపాకులు తీసుకున్నారు, చట్టంలో ఉంచుకునే దారి లేక తిరిగిచ్చేశారు, ఆ తుపాకులతోనే 2004లో అతను ఆ పోలీసుని చంపాడు. మన వాషింగ్టన్‌లో 2016లో ఓటర్లే ఓటేసి తెచ్చుకున్నారు. ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోయాక 2018లో రిపబ్లికన్ గవర్నరే సంతకం పెట్టాడు. ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. టెక్సాస్‌లో లేదు, పైగా 2025లో ఇలాంటి ఆర్డర్లు చెల్లవని చట్టమే చేశారు. అన్నయ్యని కొన్నాళ్లు డాలస్‌లో బంధువుల ఇంటికి పంపిద్దాం అనుకుంటే ఆ సంగతి గుర్తుంచుకోండి.

అయితే సైన్యానికీ ఈ చట్టానికీ ముడిపడిన ఒక ఘటన ఉంది. మీ అన్నయ్య స్నేహితుడితో వాదించేటప్పుడు కాదు గానీ, మీకు మీరు నిర్ణయించుకునేటప్పుడు అది తెలియాలి. 2023 అక్టోబరు 25న మెయిన్ రాష్ట్రంలో లూయిస్టన్ అనే చిన్న ఊళ్లో ఒక బౌలింగ్ సెంటర్లో, ఒక బార్‌లో 18 మందిని కాల్చి చంపారు. చంపినవాడు ఆర్మీ రిజర్వ్ సార్జెంటు. వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ క్యాడెట్లకి ఏళ్ల తరబడి గ్రెనేడ్లు విసరడం నేర్పినవాడు. పేరు రాయను.

ఆ కేసు నివేదిక నేను మొత్తం చదివాను, నా పని కోసం. మే నెలలోనే అతని కొడుకు, మాజీ భార్య పోలీసులకి చెప్పారు: ఎవరో తనని తిడుతున్నట్టు వినిపిస్తోందంటున్నాడు, ఇంట్లో పది పైన తుపాకులున్నాయి అని. జులైలో న్యూయార్క్‌లో శిక్షణకి వెళ్లినప్పుడు తోటి సైనికులే గమనించి ఆసుపత్రికి చేర్చారు, రెండు వారాలు ఉన్నాడు. బయటికొచ్చాక డ్యూటీలో ఆయుధం ముట్టకూడదని ఆర్మీ ఆదేశించింది. మరి ఇంట్లో సొంత తుపాకులు? అవి కుటుంబం చూసుకుంటుందన్న మాట మీద వదిలేశారు. సెప్టెంబరులో దగ్గరి స్నేహితుడొకడు, వీడు ఎక్కడో కాల్పులు జరుపుతాడని భయంగా ఉందని పైవాళ్లకి మెసేజ్ పెట్టాడు. పోలీసు ఇంటికి వెళ్లి తలుపు కొట్టాడు. తలుపు తీయలేదు. వెనక్కి వచ్చేశాడు. మెయిన్‌లో అప్పటికి ఉన్నది 'యెల్లో ఫ్లాగ్' చట్టం, కుటుంబం నేరుగా కోర్టుకి వెళ్లే వీల్లేదు. ముందు పోలీసులు మనిషిని అదుపులోకి తీసుకోవాలి, వైద్యుడు చూడాలి, ఆ తర్వాతే జడ్జి. ఆ చట్టం వాడటానికి పోలీసుల దగ్గర సరిపడా కారణాలున్నాయని 2024 ఆగస్టులో విచారణ కమిషన్ తేల్చింది. న్యూయార్క్ చట్టం కూడా ఉంది, ఎవరూ వాడలేదు. చనిపోయాక అతని మెదడు పరీక్షిస్తే గాయాల గుర్తులు కనబడ్డాయి. 2025 నవంబరులో మెయిన్ ఓటర్లు కుటుంబాలు నేరుగా పిటిషన్ వేసేలా రెడ్ ఫ్లాగ్ చట్టానికి ఓటేశారు.

మీ అన్నయ్య అలాంటివాడని నేను అనడం లేదు. అస్సలు కాదు. మీరు రాసినదాంట్లో ఇంకొకరికి హాని చేస్తాడన్న సూచన ఒక్కటీ లేదు. ఆ కేసులో నన్ను నిద్రపోనివ్వనిది వేరే. కొడుకు చెప్పాడు, మాజీ భార్య చెప్పింది, తోబుట్టువులు చెప్పారు, తోటి సైనికులు చెప్పారు. ప్రతి ఒక్కరూ చెప్పాల్సింది చెప్పి, ఆ తర్వాతి పని ఇంకొకరు చేస్తారనుకున్నారు. ఆఖరికి ఇంట్లో ఉన్న ఆ తుపాకులు ఎవరి బాధ్యతా కాకుండా పోయాయి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నదీ అదే. మీ వారొకటి, స్నేహితుడొకటి, అమ్మానాన్నలొకటి అంటున్నారు, తుపాకులు మాత్రం టకోమాలోనే ఉన్నాయి.

లెక్కల్లోకి వస్తే, అమెరికాలో 2023లో తుపాకీతో పోయిన ప్రాణాలు దాదాపు 47 వేలు. అందులో 27 వేలకు పైగా ఆత్మహత్యలే. టీవీలో చూసేది మిగతావి. 2022లో ఆత్మహత్య చేసుకున్న మాజీ సైనికులు 6,407 మంది, వాళ్లలో దాదాపు ప్రతి నలుగురిలో ముగ్గురు పోయింది తుపాకీతోనే. సైనికుల మనసు బలహీనమని దీని అర్థం కాదు. ఆ ఆలోచన వచ్చి పోయే మబ్బు లాంటిది, చాలాసార్లు కొన్ని గంటలే ఉంటుంది. ఆ గంటల్లో చేతికందే దూరంలో తుపాకీ ఉంటే రెండో అవకాశం ఉండదు. లేకపోతే ఉంటుంది. కనెక్టికట్‌లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు లెక్క వేస్తే, పది నుంచి ఇరవై మంది దగ్గర తుపాకులు తీసుకుంటే ఒక ప్రాణం నిలిచిందని తేలింది. ఇజ్రాయెల్ సైన్యం 2006లో కుర్రాళ్లని వారాంతపు సెలవుల్లో రైఫిళ్లు ఇంటికి తీసుకెళ్లొద్దంది. ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. వాళ్లంతా మంచి సైనికులే. తుపాకీ రెండు రోజులు దూరంగా ఉంది.

ఇప్పుడు మీ రాష్ట్రంలో పని ఎలా జరుగుతుందో. కోర్టు కన్నా ముందు రెండు మెత్తని దారులున్నాయి, వాటినే ముందు ప్రయత్నించండి.

ఒకటి, తనంతట తనే ఇచ్చేయడం. కానీ మీ వారు అన్నట్టు మీరు తెచ్చుకోవద్దు! ఇది చాలా ముఖ్యం, మన ఆన్‌లైన్ ఫోరమ్‌లలో ఎవరూ చెప్పరు. హెచ్1బీ, హెచ్4 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ మీకవి వర్తించవనుకునే నడుచుకోండి. ప్రాణం కాపాడబోయి మీ వీసా, మీ పిల్లల చదువు చిక్కులో పడతాయి. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండి, ఇంట్లో సేఫ్ ఉన్న మనిషి కావాలి. ఎవరో తెలుసా? మీ మీద కోప్పడిన ఆ స్నేహితుడే. ఆయనకే ఫోన్ చేయండి. "అన్నా, కోర్టు వద్దన్నావు, సరే. అయితే కొన్నాళ్లు ఆ రెండూ నువ్వే నీ సేఫ్‌లో పెట్టుకో" అనండి. ఆత్మహత్య ఆపడానికి ఇలా తాత్కాలికంగా ఇంకొకరి దగ్గర పెట్టడాన్ని వాషింగ్టన్ చట్టం మినహాయింపుగా ఒప్పుకుంటుంది. నేను చూసినంతలో మాజీ సైనికులు చట్టానికి ఒప్పుకోరు గానీ ఒక మాజీ సైనికుడు అడిగితే మాత్రం కాదనరు. నా బ్యాటిల్ బడ్డీ ఒకడు, ఒహాయో కుర్రాడు, ఇంట్లో గొడవలైన రోజుల్లో తన పిస్టల్‌కి కేబుల్ తాళం వేసి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఏం మాట్లాడలేదు. ఐదు నెలలు అది నా తాళాల గుత్తిలో ఉంది. ఒక రోజు క్యాంటీన్లో కాఫీ తాగుతూ "ఇంక ఇచ్చెయ్" అన్నాడు. ఇచ్చేశాను. ఆ తాళాలు వీఏలో ఉచితంగా ఇస్తారు. మనిషి దొరక్కపోతే కొన్ని గన్ షాపులు, పోలీసు ఆఫీసులు కొంతకాలం దాచిపెడతాయి. అలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో వాషింగ్టన్‌కి ఆన్‌లైన్ మ్యాపు కూడా ఉంది.

రెండోది, చాలామందికి తెలియనిది. వాషింగ్టన్‌లో ఎవరైనా తనకు తానే వెళ్లి, కొన్నాళ్లు నాకు తుపాకీ అమ్మొద్దు అని కోర్టు క్లర్కు దగ్గర కాగితం రాసివ్వొచ్చు. వద్దనుకుంటే ఏడు రోజులయ్యాక ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇంట్లో ఉన్న తుపాకులు బయటికి పంపాక, రాత్రి తాగిన మత్తులో కొత్తది కొనకుండా ఇది అడ్డుపడుతుంది. మంచి రోజున ఉన్న అన్నయ్య చెడ్డ రోజున వచ్చే అన్నయ్యకి వేసే తాళం అనుకోండి.

ఈ రెండూ కుదరకపోతే, లేక మాటలు ఇంకా ముదిరితే, అప్పుడు పిటిషన్. దాని పూర్తి పేరు ఎక్స్‌ట్రీమ్ రిస్క్ ప్రొటెక్షన్ ఆర్డర్. తోడబుట్టినదానిగా మీరు వేయొచ్చు, పౌరసత్వం అక్కర్లేదు, ఫీజు లేదు. సుపీరియర్ కోర్టులో ప్రమాణం చేసి రాయాలి. "డిప్రెషన్‌లో ఉన్నాడు" లాంటి మాటలు రాస్తే జడ్జికి ఏమీ తెలియదు. ఏ తేదీన, ఏ మాట అన్నాడో, అప్పుడు తాగి ఉన్నాడా, తుపాకులు ఇంట్లో ఏ మూల ఉన్నాయో రాయాలి. మెసేజులుంటే స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి. తెలుగులో అన్న మాటని తెలుగులోనే రాసి కింద అర్థం రాయండి, మన "హాయి" అన్న మాట బరువు అక్షరాలా మారిస్తే పోతుంది. ప్రమాదం వెంటనే ఉందని నమ్మితే జడ్జి ఆయనకి చెప్పకుండానే తాత్కాలిక ఆర్డరివ్వొచ్చు. రెండు వారాల్లోపు విచారణ ఉంటుంది, అక్కడ అన్నయ్య తన వాదన చెప్పుకోవచ్చు, వకీలుని పెట్టుకోవచ్చు. పూర్తి ఆర్డరు ఒక ఏడాది. మధ్యలో ఒకసారి ఎత్తేయమని అడగొచ్చు. తీసుకున్న ప్రతి తుపాకీకి రసీదు ఇస్తారు. మా తాతయ్య రేకు పెట్టెలో దాచుకున్నలాంటిదే.

ఇది నేరం మోపడం కాదు, శిక్ష కాదు. ఆర్డర్ని ధిక్కరిస్తే మాత్రం నేరం. ఈ ఆర్డరు వల్ల వీఏ ఇచ్చే వైకల్య భృతి పోదు, డిశ్చార్జ్ కాగితం మారదు. ఆయుధంతో చేసే సెక్యూరిటీ ఉద్యోగమో, రిజర్వ్ డ్యూటీయో ఉంటే మాత్రం తప్పకుండా ఇబ్బంది అవుతుంది, అది దాచను. మీరు అబద్ధం రాస్తే మీ మీదే కేసు అవుతుంది, అది కూడా మంచిదే.

ఆ స్నేహితుడి బాధ అబద్ధం కాదన్నాను కదా, దానికి కారణాలూ చెప్పాలి. డబ్బు లెక్కలు తనంతట తాను చూసుకోలేడని వీఏ ఎవరికైనా సంరక్షకుణ్ణి పెడితే, జడ్జి ముఖం చూడకుండానే ఆ పేరు తుపాకీ కొనకూడని వాళ్ల ఫెడరల్ జాబితాలోకి పోయేది. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. జడ్జి తీర్పు లేకుండా అలా పంపకూడదని 2024లో కాంగ్రెస్ ఆపింది. సహాయం అడిగితే తుపాకీ పోతుందన్న మాట బ్యారక్స్‌లో అలా పుట్టింది, ఇంకా పోలేదు. ఇంకోటి, 2018 నవంబరులో మేరీలాండ్‌లో ఇలాంటి ఆర్డరు అందించడానికి పోలీసులు తెల్లవారుజామున 5 గంటలకి ఒకాయన ఇంటి తలుపు కొట్టారు. ఆయన తుపాకీతో వచ్చి తలుపు తీశాడు. పెనుగులాటలో పోలీసుల చేతిలో చనిపోయాడు. అందుకే నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను: పిటిషన్‌లోనే రాయండి, ఆర్డరు పగటిపూట, ఆయన మెలకువగా ఉండి తాగకుండా ఉన్న వేళ, వీలైతే తెలిసిన మనిషిని తోడు పెట్టుకుని ఇవ్వమని. అడిగినవన్నీ జరుగుతాయని కాదు. అడగకపోతే అసలు జరగవు.

కాబట్టి ఈ చట్టం మీద కోపం ఉన్న సైనికుణ్ణి మూర్ఖుడనకండి. ఈ దేశంలో వాళ్లని రెండే రకాలుగా చూస్తారు. ఎయిర్‌పోర్టులో "థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అంటారు. అదే మనిషి కాస్త గట్టిగా మాట్లాడితే టైం బాంబు అంటారు. మనవాళ్లకీ ఆ భయం ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. 2017లో కాన్సస్‌లోని ఒలేతాలో మన ఇంజినీరుని కాల్చి చంపినవాడు నేవీలో పనిచేసినవాడు. 2023 మేలో టెక్సాస్‌లోని ఆలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపినవాణ్ణి, ఆ ఎనిమిది మందిలో హైదరాబాద్ అమ్మాయి ఒకరు, ఆర్మీ 2008లో శిక్షణ కూడా పూర్తికాకముందే పంపించేసింది. ఆ వార్తలు చదివి ప్రతి మాజీ సైనికుడి వైపూ అలా చూస్తే, మీ అన్నయ్యలాంటివాళ్లు నోరే తెరవరు.

మీ అన్నయ్యకి ఇంకో ఒంటరితనం కూడా ఉంటుంది, అది నాకు బాగా తెలుసు. మన దగ్గర సైనికుడంటే గౌరవమే. గల్వాన్‌లో కల్నల్ సంతోష్ బాబు పోయినప్పుడు సూర్యాపేట ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. కానీ అమెరికా వెళ్లిన కొడుకు సిపాయిగా చేరాడంటే? మాధవరంలో పుట్టిన మా నాన్నే రెండేళ్లు బంధువులకి చెప్పలేదు. "సాఫ్ట్‌వేర్ కంపెనీ" అని చెప్పుకొచ్చాడు. ఆర్మీవాళ్లకి మన ఇల్లు అర్థం కాదు, ఇంట్లోవాళ్లకి ఆర్మీ అర్థం కాదు. విడాకులు కూడా అయ్యాక ఆ మనిషికి యూనిట్ రోజులకి మిగిలిన ఒకే ఒక గుర్తు ఆ తుపాకీ అయి ఉండొచ్చు. దాన్ని తీసుకోవడమంటే మిగిలిన ఆ ఒక్కటీ లాక్కోవడంలా అనిపిస్తుంది. అందుకే అడిగే మాట చాలా ముఖ్యం.

అమ్మానాన్నలకి కోర్టు, పోలీసు అనే మాటలు ఇప్పుడు వాడకండి. ఎన్నికలప్పుడు స్టేషన్లో తుపాకీ డిపాజిట్ చేసినట్టు అని చెప్పండి, వాళ్లకి ఆ సంగతి తెలుసు. వాళ్లని రోజూ అన్నయ్యకి ఒక ఫోన్ చేయమనండి. సంబంధాల మాట, ఉద్యోగం మాట ఎత్తొద్దనండి. ఏం తిన్నావు, నిద్ర పట్టిందా, అంతవరకే.

మీరు మాత్రం ఈ సాయంత్రం, తను తాగడం మొదలుపెట్టకముందే, టకోమా వెళ్లండి. ఒక్కరే వద్దు, మీ వారితో. ఏదైనా వండి తీసుకెళ్లండి. తిన్నాక అడగండి: "అన్నయ్యా, చచ్చిపోవాలనిపిస్తోందా?" ఏం చెప్పినా మధ్యలో ఆపకుండా వినండి. తర్వాత ఇలా అనండి: "నువ్వు ఆర్మ్స్ రూమ్‌లో రోజూ అప్పగించేవాడివి కదా. ఇప్పుడు కొన్నాళ్లు ఆ రెండూ నీ స్నేహితుడికి అప్పగిద్దాం. నంబర్లు నేను కాగితం మీద రాసి నీకు సంతకం పెట్టిస్తాను. నువ్వు అడిగిన రోజు ముగ్గురం కూర్చుని మాట్లాడుకుని తిరిగి తెచ్చుకుందాం." స్నేహితుణ్ణి ముందే రమ్మని, కింద కారులో ఉండమనండి. సరే అంటే ఆ రాత్రే తీసుకెళ్లాలి, మీరు ముట్టుకోవద్దు. ఒప్పుకోకపోతే వాదించకండి, దగ్గరే కూర్చుని 988కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. పొద్దున కోర్టు తెరిచే వేళకి పిటిషన్ కాగితాలు మీ చేతిలో ఉండాలి. ఏం జరిగిందో ఇక్కడ రాయండి, రాత్రి నేను మేలుకునే ఉంటాను.